మొదటి బ్రాకెట్ అంటించక ముందే చెప్పండి

పళ్ల వరుస సరిచేయడంలో ప్రత్యేక శిక్షణ పొందిన ఆర్థోడాంటిస్టులకు, పళ్లకు క్లిప్పులు వేసే దంతవైద్యులకు, దంతవైద్య వృత్తి సంఘాల, నియంత్రణ మండళ్ల బాధ్యులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మూసుకోని పెదవులు మూసుకునేలా, నమలలేని నోరు నమిలేలా చేసే మీ విద్య మీద మాకు గౌరవం ఉంది. మా బాధంతా చికిత్స మొదలయ్యే ముందు పేషెంటుతో జరగాల్సిన మాటల గురించే. చాలా చోట్ల అవి జరగడం లేదు.

మేం సాధారణ దంతవైద్యులం, పళ్లు శుభ్రం చేసే హైజీనిస్టులం. క్లిప్పులు తీసేశాక తెల్లమచ్చలతోనో, కదిలే పళ్లతోనో, మళ్లీ వంకర తిరిగిన వరుసతోనో వచ్చేవాళ్లు మా కుర్చీల్లో కూర్చుంటారు. "ఇలా అవుతుందని మాకెవరూ చెప్పలేదు" అంటారు. ఈ సంగతి వృత్తి సంఘాలకు రాతపూర్వకంగా విన్నవించాం. గుర్తు చేస్తూ మళ్లీ రాశాం. జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాం. క్లిప్పులు వేయించుకోబోయేవాళ్లు, పిల్లల తల్లిదండ్రులు కూడా ఇది చదవాలని మా కోరిక.

ముందుగా, గడువు గురించి. పన్ను జరగాలంటే దాని వేరుకు ఒక పక్క ఎముక కరగాలి, వెనక పక్క కొత్త ఎముక పుట్టాలి. పళ్లకు అంటించిన బ్రాకెట్లనే చిన్న ముక్కల గుండా సాగే తీగ చేసేదల్లా సన్నని ఒత్తిడిని విడవకుండా ఇవ్వడమే. మిగతా పని ఒంట్లోని కణాలది. అది నెలకు ఇంచుమించు 1 మిల్లీమీటరు చొప్పున సాగుతుంది. అందుకే నోరంతా సర్దే చికిత్సకు మామూలుగా 18 నుంచి 24 నెలలు పడుతుంది, చిక్కు కేసులకు ఇంకా ఎక్కువ. బలంగా బిగిస్తే త్వరగా అయిపోతుందనుకోవడం తప్పు. ఒత్తిడి మితిమీరితే వేరు చుట్టూ ఉన్న పొరకు రక్తం ఆడక అది చచ్చుబడుతుంది, పన్ను కొన్ని వారాలు కదలకుండా నిలిచిపోతుంది, వేరు కరిగే ప్రమాదమూ పెరుగుతుంది. మీరు చదువుకున్న మొదటి పాఠాల్లో ఇదొకటి. పేషెంటుకు మాత్రం "ఆరు నెలల్లో అందమైన నవ్వు" అనే బోర్డే కనిపిస్తుంది. ముందు పళ్లలో చిన్నపాటి వంకరలైతే ఆరు నెలల్లో సర్దుకోవచ్చు. దవడపళ్ల కలయికే తప్పిన నోటికి ఆ మాట ఇవ్వడం మోసం. వణికే పరికరాన్ని రోజూ కాసేపు కొరికి పట్టుకుంటే, లేదా రబ్బరు రింగులు అక్కర్లేని ప్రత్యేక బ్రాకెట్లు వేస్తే చికిత్స త్వరగా ముగుస్తుందన్న ప్రచారానికి పరిశోధనల్లో నమ్మదగ్గ ఆధారం దొరకలేదు. అయినా వాటికి అదనపు రుసుము వసూలవుతూనే ఉంది.

ఇక మా డిమాండ్లు.

1. రోగ నిర్ధారణ కాగితం మీద ఇవ్వండి.

"పళ్లు వంకరగా ఉన్నాయి, క్లిప్పులు వేద్దాం" అంటే రోగ నిర్ధారణ చేసినట్టు కాదు. తేడా పళ్లలో ఉందా, దవడ ఎముకల్లో ఉందా అన్నది తేలాలి. ఎత్తుపళ్లని వచ్చే పిల్లల్లో చాలామందికి పై దవడ బాగానే ఉంటుంది, కింది దవడే వెనకబడి ఉంటుంది. పై పళ్లను మాత్రం లోపలికి లాగితే పళ్లు కలుస్తాయి గానీ ముఖం తీరు మెరుగుపడదు. ఈ తేడా తెలియాలంటే ముఖం ఫోటోలు, నోటి లోపలి ఫోటోలు, పళ్ల అచ్చులు లేదా స్కాన్, పళ్లన్నీ వేర్లతో సహా కనిపించే ఓపీజీ ఎక్స్‌రే కావాలి. దవడల్లో తేడా అనుమానం ఉంటే పక్క నుంచి తీసే తల ఎక్స్‌రే, అంటే సెఫలోగ్రామ్ కూడా. అమెరికన్ దంతవైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో చేసిన క్లాస్ 1, 2, 3 వర్గీకరణ ఇప్పటికీ వాడుతున్నాం, మంచిదే. కానీ అది పై, కింది మొదటి దవడపళ్లు ఒకదానికొకటి ముందువెనకలుగా ఎలా కూర్చున్నాయో మాత్రమే చెబుతుంది. ఫైలులో అదొక్కటే రాసి చికిత్స మొదలుపెట్టకండి.

ఇచ్చే కాగితంలో ఇవన్నీ ఉండాలి: లోపం ఏమిటి, ఏ పద్ధతులున్నాయి, ఒక్కోదానికి ఎంత కాలం, ఏది పూర్తిగా సరికాదు, అసలు చికిత్స చేయించుకోకపోతే ఏమవుతుంది. చివరిది చెప్పడానికే అందరూ వెనకాడుతున్నారు. కొద్దిపాటి వంకర ఉన్న పళ్లు బాగా తోముకుంటే జీవితమంతా ఆరోగ్యంగా ఉంటాయి. అలాంటప్పుడు ఇది కేవలం అందం కోసమేనని చెప్పండి. అందం కోరుకోవడంలో తప్పేమీ లేదు. భయపెట్టి ఒప్పించడం తప్పు.

2. పిల్లల్లో ఏ చికిత్సకు ఆగకూడదో, దేనికి ఆగవచ్చో విడదీసి చెప్పండి.

పిల్లల్ని 7 ఏళ్లు నిండేలోగా ఒకసారి ఆర్థోడాంటిస్టుకు చూపించమని అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఆర్థోడాంటిస్ట్స్ సలహా ఇస్తుంది. చూపించమంది గానీ క్లిప్పులు వేయించమనలేదు. ఆ వయసులో చూసిన పిల్లల్లో ఎక్కువమందికి "మళ్లీ ఏడాదికి రండి" అన్నదే సరైన సలహా.

ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. పై దవడ ఇరుకై పక్క పళ్లు కింది పళ్ల లోపలికి పడుతుంటే, నోరు మూసేటప్పుడు దవడ ఒక పక్కకు జారుతుంటే ఎదిగే వయసులోనే సరిచేయాలి. అంగిలి మధ్య అతుకు ఇంకా గట్టిపడదు కాబట్టి వెడల్పు చేసే పరికరం అప్పుడు బాగా పనిచేస్తుంది. ఆ పరికరాన్ని ఇంట్లో తిప్పాల్సింది తల్లిదండ్రులే. సన్నని తాళంచెవి లాంటి పుల్లను మధ్య స్క్రూలోని కన్నంలో పెట్టి, ముందు నుంచి గొంతు వైపుకు పూర్తిగా తోయాలి. తర్వాతి కన్నం కనబడేదాకా తోస్తేనే ఒక తిప్పు పూర్తయినట్టు. ఒక తిప్పుకు సాధారణంగా పావు మిల్లీమీటరు. సగం తిప్పి వదిలేస్తే మర్నాడు కన్నం దొరకదు, పిల్లాడు ఏడుస్తాడు, ఇల్లంతా కంగారు. కొద్ది రోజుల్లోనే పై ముందు పళ్ల మధ్య సందు తెరుచుకుంటుంది. అది పరికరం పనిచేస్తోందనడానికి గుర్తు. తర్వాత దానంతటదే దగ్గరపడుతుంది. ఈ ఒక్క ముక్క ముందే చెప్పకపోవడం వల్ల భయపడి తిప్పడం మానేసిన ఇళ్లున్నాయి. తిప్పడం అయిపోయాక కొత్త ఎముక గట్టిపడేదాకా, అంటే 3 నుంచి 6 నెలలు, పరికరం నోట్లోనే ఉండాలి.

కింది పళ్లు పై పళ్లకు ముందుగా పడుతూ, పై దవడ వెనకబడి ఉన్న పిల్లలకు ముఖానికి తగిలించే ఫేస్‌మాస్క్ 10 ఏళ్లలోపే బాగా పనిచేస్తుంది. రోజుకు 12 నుంచి 14 గంటలు పెట్టుకోవాలి. అన్ని గంటలు ఆ పిల్ల పెట్టుకోగలదా లేదా అన్నది ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడాలి. బొటనవేలు చీకే అలవాటు శాశ్వతమైన ముందు పళ్లు వచ్చేలోగా మాన్పించాలి.

పై కోరపళ్ల సంగతి చాలామందికి తెలియదు. 10 ఏళ్ల వయసులో పెదవి పక్క చిగురు మీద వేలితో తడిమితే కోరపన్ను ఉబ్బు చేతికి తగలాలి. ఒక పక్క తగిలి రెండో పక్క తగలకపోతే ఎక్స్‌రే తీయాలి. దారి తప్పిన కోరపన్ను అంగిలి వైపు అడ్డంగా పడుకుని పక్క పన్ను వేరును చడీచప్పుడు లేకుండా తినేయగలదు. నొప్పి ఉండదు. సమయానికి కనిపెడితే పాల కోరపన్నును తీసేయడంతోనే చాలామందిలో దారికొస్తుంది. ఆలస్యమైతే చిగురు కోసి, పన్నుకు గొలుసు కట్టి నెలల తరబడి లాగాలి. ఈ తడిమి చూసే పరీక్షకు అర నిమిషం పట్టదు. ప్రతి పిల్లకూ చేసి ఫైలులో రాయాలని మండళ్లు నిబంధన పెట్టాలి.

ఆగేవాటిలో మొదటిది, 7 నుంచి 11 ఏళ్ల మధ్య పై ముందు పళ్ల నడుమ కనిపించే సందు. 2 మిల్లీమీటర్ల లోపుంటే కోరపళ్లు దిగాక చాలావరకు మూసుకుంటుంది. ఇక ఎత్తుపళ్లకు చిన్నప్పుడొకసారి, పెద్దయ్యాక ఒకసారి రెండు విడతల చికిత్స చేయించమంటుంటారు. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సమీక్షలు తేల్చింది ఇది: ముందుగా చేయిస్తే ముందు పళ్లకు దెబ్బలు తగిలే అవకాశం తగ్గుతుంది, మిగతా ఫలితాల్లో ఒకే విడతకూ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పళ్లు బాగా ముందుకొచ్చి, ఆటల్లో తరచూ పడే పిల్లాడికి రెండు విడతలు న్యాయమే. అందరికీ అదే మంత్రం చదవడం కుటుంబాల మీద రెండు రుసుముల, రెట్టింపు తిరుగుడు భారం మోపడమే.

3. పెద్దవాళ్లలో చిగుళ్లు కొలవనిదే తీగ కట్టకండి.

వయసు అడ్డు కాదు, చిగుళ్ల జబ్బు అడ్డు. వాపు ఉన్న చిగుళ్లలో పళ్లను జరిపితే ఎముక మరింత వేగంగా పోతుంది. కాబట్టి ప్రతి పన్ను చుట్టూ చిగుళ్ల లోతు కొలిచి, గార తీసి, రక్తం కారడం ఆగాకే మొదలుపెట్టాలి. ఎముక కొంత తగ్గిన పళ్లను కూడా జరపవచ్చు గానీ, జబ్బు అదుపులో ఉండాలి, చికిత్స జరిగినన్నాళ్లూ 3 నెలలకోసారి క్లీనింగ్ సాగాలి. పొగతాగే అలవాటు, అదుపులో లేని షుగరు ముందే అడిగి తెలుసుకోవాలి. ఎముకల గుల్లదనానికి వాడే బిస్ఫాస్ఫొనేట్ మందులు పళ్ల కదలికను నెమ్మదింపజేస్తాయి, పన్ను తీయాల్సివస్తే ఎముక మానకపోయే ప్రమాదమూ ఉంది. ఇంట్లో వేసుకునే ప్రతి మాత్రనూ రాయించుకోండి. నికెల్ నగలతో దద్దుర్లు వచ్చేవాళ్లు, తలకు తరచూ ఎమ్మారై తీయించుకోవాల్సినవాళ్లు, గుండె కవాటాల సమస్య ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పేలా ప్రశ్నావళి ఉండాలి.

పోయిన పన్ను చోట పెట్టే ఇంప్లాంటు కదలదు. ఎముకతో అతుక్కుపోయిన స్క్రూను ఏ తీగా జరపలేదు. ఇంప్లాంటు పెట్టించుకుని ఆ తర్వాత పళ్లు సరిచేయించుకుందామని వచ్చేవాళ్లకు దారి సగం మూసుకుపోతుంది. ఈ తప్పు మా సాధారణ దంతవైద్యుల వైపు నుంచీ జరుగుతోంది. ఖాళీ పక్కన పళ్లు ఒరిగి ఉంటే ముందు మీ దగ్గరకు పంపడం మా బాధ్యత.

ఎదుగుదల ఆగిన దవడను క్లిప్పులు పెంచలేవు. తేడా పెద్దదైతే ఆపరేషన్, లేదా పళ్ల వంపుతో తేడాను కప్పిపుచ్చడం, ఈ రెండే మార్గాలు. రెండో దానికి హద్దుంది. పన్నును ఎముక అంచు దాటించి తోస్తే చిగురు కిందికి జారి వేరు బయటపడుతుంది. ఇరుకుగా ఒకదానిపై ఒకటి ఎక్కిన ముందు పళ్లు వరుసకు వచ్చాక చిగుళ్ల దగ్గర నల్లటి ముక్కోణపు సందులు కనిపించవచ్చు. ఇవి ముందే చెబితే పేషెంటు అర్థం చేసుకుంటారు. తర్వాత చెబితే సాకుగా వినిపిస్తుంది.

4. నోరు శుభ్రంగా లేనివాళ్లకు బ్రాకెట్లు వేయకండి.

బ్రాకెట్ చుట్టూ పాచి నిలిస్తే 4 వారాల్లోనే పన్ను పై పొర ఎనామిల్ మీద సుద్ద రంగు మచ్చలు మొదలవుతాయి. బ్రాకెట్ తీశాక దాని ఆకారంలో చుట్టూ తెల్లటి చట్రం మిగులుతుంది. కొంత మసకబారుతుంది గానీ పూర్తిగా పోదు. రెండేళ్లు ఓపిక పట్టి, డబ్బు పోసి, చివరికి మచ్చలు పడిన వరుసను అద్దంలో చూసుకునే పదిహేనేళ్ల పిల్ల బాధ మీకు తెలియనిది కాదు.

తోమే పద్ధతిని చేతిలో బ్రష్షు పెట్టి చూపించాలి, చేయించి చూడాలి. బ్రాకెట్‌కు పైన చిగురు వైపు ఏటవాలుగా ఒకసారి, కింద అంచు వైపు నుంచి ఏటవాలుగా మరోసారి, చివరగా ఎదురుగా. తీగ కిందికి పళ్ల సందుల్లో వాడే చిన్న కుంచె బ్రష్షు దూర్చి, ఒక్కో బ్రాకెట్ పక్కా నాలుగైదు సార్లు ఆడించాలి. పేస్టులో 1,450 పీపీఎం (పది లక్షల్లో 1,450 వంతులు) దాకా ఫ్లోరైడ్ ఉండాలి. ఉమ్మేయాలి గానీ నీళ్లతో పుక్కిలించి కడిగేయకూడదు. పుక్కిలించి ఉమ్మడం వచ్చిన పిల్లలకూ పెద్దలకూ 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ ద్రావణం, తోమే వేళ కాకుండా వేరే వేళ. తీపి పానీయాలు గుటక గుటకగా గంటసేపు తాగడమే మచ్చలకు పెద్ద కారణం.

మా డిమాండ్ ఇది: పిప్పిపళ్లు నింపి, రెండు వరుస అపాయింట్‌మెంట్లలో పాచి లేదని చూసుకుని, ఆ తర్వాతే బ్రాకెట్లు అంటించండి. మధ్యలో శుభ్రత దిగజారితే తీగ తీసి ఆపండి. అవసరమైతే క్లిప్పులు ముందే తీసేయండి. కొద్దిగా వంకరగా ఉన్న గట్టి పన్ను, వరుసగా ఉన్న పుచ్చుపన్ను కంటే మేలు.

5. వేర్లు కరుగుతాయని చెప్పండి.

దాదాపు అందరిలోనూ వేరు కొన లవలేశం కరుగుతుంది, దానివల్ల నష్టం లేదు. కొద్దిమందిలో మూడోవంతుకు మించి పోతుంది. వేర్లు సన్నగా మొనదేలి ఉన్నా, గతంలో ఆ పళ్లకు దెబ్బ తగిలినా ప్రమాదం ఎక్కువ. 6 నుంచి 12 నెలల మధ్య ఒక ఎక్స్‌రే తీసి చూడండి. కరుగుతున్నట్టు కనిపిస్తే రెండు మూడు నెలలు ఒత్తిడి ఆపి, ప్లాను మార్చండి.

6. పళ్లు తీయడం గురించి దాచొద్దు, భయపెట్టొద్దు.

కోరపన్ను వెనకున్న చిన్న దవడపన్ను తీస్తే ఒక్కో పక్కన సుమారు 7 మిల్లీమీటర్ల చోటు వస్తుంది. ఇరుకు ఎక్కువగా ఉన్నప్పుడు, పెదవులు మూతపడనంతగా పళ్లు ముందుకొచ్చినప్పుడు అది అవసరం. కొన్ని నోళ్లకు పళ్ల పక్కలను అర మిల్లీమీటరు లోపు అరగదీస్తే సరిపోతుంది. "మేం ఎవరికీ పళ్లు తీయం" అని బోర్డు పెట్టుకోవడం వైద్యం అనిపించుకోదు, అందరికీ నాలుగు తీసేయడమూ అంతే. జ్ఞానదంతాలు తోయడం వల్లే ముందు పళ్లు వంకర పోతాయని చెప్పి, ఆ ఒక్క కారణంతో వాటిని పీకించడం మానండి. దానికి ఆధారం లేదు.

7. అలైనర్ల పరిమితులు ప్రకటనలోనే చెప్పండి.

పళ్లకు తొడుక్కుని, తీసి పెట్టుకోగలిగే పారదర్శకమైన తొడుగులు, అంటే అలైనర్లు, మంచి సాధనం. రోజుకు 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలి, అంటే తిండికి, తోముకోవడానికి తప్ప తీయకూడదు. ఒక్కోటి వారం నుంచి రెండు వారాలు. గుండ్రటి కోరపళ్లను, చిన్న దవడపళ్లను తిప్పడం, పన్నును కిందికి దించడం వీటికి కష్టం. అందుకే పళ్ల మీద పన్ను రంగు బొడిపెలు అంటిస్తారు. మొదటి సెట్టుతో అనుకున్నంత రాక రెండో స్కాన్, మరో సెట్టు అవసరం కావడం సాధారణం. ఆ ఖర్చు ఎవరిదో ముందే రాసివ్వండి. కంప్యూటర్ తెరపై చూపించే బొమ్మ కోరుకున్న ఫలితమే గానీ హామీ కాదు, అది చూపించేటప్పుడే ఆ మాటా అనండి.

ఎక్స్‌రే లేకుండా, చిగుళ్లు చూడకుండా ఇంటికే అలైనర్లు పంపే వ్యాపారాన్ని నియంత్రణ మండళ్లు ఆపాలి. 2023 డిసెంబరులో స్మైల్ డైరెక్ట్ క్లబ్ అనే సంస్థ కార్యకలాపాలు నిలిపేసినప్పుడు దాని పేషెంట్లు చికిత్స మధ్యలో దిక్కులేకుండా మిగిలారు. మరో సంస్థ అలాగే మూతపడేదాకా చూస్తూ ఉండకండి.

వీడియోలు చూసి ఇంట్లో రబ్బరు బ్యాండుతో సందు మూసుకునేవాళ్లకు ఇక్కడే ఒక హెచ్చరిక. రెండు ముందు పళ్ల చుట్టూ వేసిన బ్యాండు, పన్ను వేరు కొన వైపు సన్నబడుతుంది కాబట్టి, చిగురు కిందికి జారిపోతుంది. కంటికి కనిపించదు, ఊడిపోయిందనుకుంటారు. అది ఎముకను కోసుకుంటూ పైకి పాకుతుంది. పళ్లు పొడవైనట్టు, వదులైనట్టు అనిపించేసరికి చాలాసార్లు రెండు పళ్లూ దక్కవు. ఈ ఒక్క విషయాన్ని మీ సంఘాలు పోస్టరుగా వేసి బడులకు పంపినా ఎన్నో పళ్లు నిలుస్తాయి.

8. రిటైనర్ సంగతి మొదటి రోజే మొదలుపెట్టండి.

క్లిప్పులు తీసిన రోజుతో చికిత్స అయిపోదు. సర్దిన పళ్లను అదే చోట నిలిపి ఉంచే పరికరమే రిటైనర్. వేరు చుట్టూ ఉన్న నారలు సర్దుకోవడానికి మూడు నాలుగు నెలలు, చిగురులోని సాగే నారలకు ఏడాది దాకా పడుతుంది. అన్నాళ్లూ అవి పన్నును పాత చోటికి లాగుతూనే ఉంటాయి. మెలితిరిగిన పళ్లను సరిచేసినచోట ఈ లాగుడు మరీ ఎక్కువ. పైగా, క్లిప్పులు వేసుకోనివాళ్లలో కూడా వయసుతో కింది ముందు పళ్లు ఇరుకవుతాయి. అందుకే మొదట కొన్ని నెలలు రోజంతా, ఆ తర్వాత రాత్రిళ్లు, వరుస అలాగే ఉండాలనుకున్నన్నాళ్లూ వేసుకోవాలి. "ఏడాది చాలు" అని చెప్పడం మానండి.

తీసి పెట్టుకునే రిటైనర్ వేడినీళ్లలో కడిగితే వంగిపోతుంది. పేపరు రుమాలులో చుట్టి పెడితే చెత్తలోకి పోతుంది. అరుగుతుంది, పగులుతుంది, మళ్లీ చేయించుకోవాలి. ఆ ఖర్చు మొదటి అంచనాలోనే కనిపించాలి. పళ్ల లోపలి వైపు అంటించిన సన్న తీగ ఒక పన్ను దగ్గర ఊడినా పేషెంటుకు తెలియదు, ఆ ఒక్క పన్నే పక్కకు పోతుంది. తీగ వంగితే పన్నును మెలిపెట్టి వేరునే ఎముక బయటికి తోయగలదు. కనీసం ఏడాదికోసారి దాన్ని చూసే బాధ్యత ఎవరిది, మీదా మాదా? తేల్చి రాసివ్వండి. ఇప్పుడు అది ఎవరి బాధ్యతా కాకుండా పోయింది.

9. మధ్యలో ఊరు మారినా, క్లినిక్ మూతపడినా పేషెంటు నష్టపోకూడదు.

రుసుము విడతలు ఎలాగో, ఏ పనికి ఎంతో, మధ్యలో మానేస్తే ఎంత తిరిగొస్తుందో ఒప్పందంలో ఉండాలి. ఎక్స్‌రేలు, స్కాన్లు, ఫోటోలు, వేసిన బ్రాకెట్ల రకం, ప్రస్తుత తీగ వివరం అడిగిన వెంటనే ఇవ్వాలి. డబ్బు బాకీ ఉందని రికార్డులు ఆపకూడదు. చికిత్స చేసేవారికి ఆర్థోడాంటిక్స్‌లో ప్రత్యేక శిక్షణ ఉందో లేదో గోడ మీద, చీటీ మీద స్పష్టంగా కనిపించాలి. కొన్ని రోజుల కోర్సు చేసి అందరి నోళ్లూ కదిలించడం ఆగాలి.

అత్యవసర సూచనలూ రాసివ్వండి. తీగ బుగ్గకు గుచ్చుకుంటే మైనం ఉండ పెట్టి ఫోను చేయాలి. బ్రాకెట్ ఊడి మింగితే చాలావరకు ప్రమాదం లేదు, కానీ ఆగని దగ్గు, పిల్లికూతలు వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బిగించిన కొన్ని గంటలకు మొదలైన నొప్పి మర్నాటికి ముదిరి, వారంలోగా తగ్గుతుంది.

పైన రాసినవన్నీ రెండు పేజీల్లో పడతాయి. ఆ పత్రం పేషెంటు చేతికిచ్చి, ఇంటికి తీసుకెళ్లి చదువుకోనిచ్చి, కనీసం వారం తర్వాతే సంతకం, ముందస్తు రుసుము తీసుకోవాలని నియంత్రణ మండళ్లు ఆదేశం ఇవ్వాలి. "ఈరోజే చేరితే తగ్గింపు" అనే ప్రకటనలను నిషేధించాలి. పత్రం నమూనా రాయడానికి మేం సిద్ధంగా ఉన్నాం, మీ వైపు నుంచి ఇద్దరు ఆర్థోడాంటిస్టులను కేటాయించండి. ఈసారి జవాబు రాతపూర్వకంగా కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు దంతవైద్యులు, హైజీనిస్టులు